విలువ కట్టడానికి వచ్చినవాడు

"మీకూ నాకూ ఏ సంబంధమూ లేదు కదండీ?"

తలుపు తీసిన అమ్మాయిని అతను అడిగిన మొదటి మాట అది. భుజాన సంచి, చేతిలో అట్ట, అట్టకు క్లిప్పు పెట్టిన కాగితాలు. వాన అప్పుడే వెలిసింది. బూట్లు మెట్టు మీద విప్పి, గుమ్మానికి అవతలే నిలబడి అడిగాడు.

"ఏంటీ?" అంది ఆమె.

"చుట్టరికం, స్నేహం, వ్యాపారం... ఏమైనా ఉందా అని."

"ఇప్పుడే కదండీ తలుపు తీశాను! ఇంతలో ఏముంటుంది?"

"లేదనే రాస్తాను. కానీ అడిగి రాయాలి." కాగితం మీద టిక్కు పెట్టాడు. "పెద్ద బ్యాంకు పంపిందండీ. వాల్యుయర్ని. ఇంటికి విలువ కట్టాలి."

ఇల్లు కొనడం ఆమెకు మొదటిసారి. లోన్ అడగడమూ మొదటిసారే. అప్పు ఇచ్చేవాళ్ళు ఇంటికి ఒక మనిషిని పంపుతారనీ, ఆ ఇల్లు ఎంత చేస్తుందో అతను చెబితే దాన్ని బట్టే డబ్బిస్తారనీ ఆఫీసరు చెప్పాడు. ఆ మనిషి తన ఈడువాడై ఉంటాడని చెప్పలేదు.

ఆమె ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు. విరిగి అతుక్కున్న కాళ్ళనూ, పట్టేసిన నడుములనూ దారికి తెస్తుంది. ఇంట్లో మాత్రం జడ్జమ్మ. చిన్నప్పుడు ఎవరు పోట్లాడుకున్నా మధ్యకొచ్చి తీర్పు చెప్పేదని పిన్ని పెట్టిన పేరు. అమ్మానాన్నలు పోయాక ఆమెను పెంచింది ఆ పిన్నే. ఇద్దరూ మూడో అంతస్తులో అద్దెకుంటున్నారు. లిఫ్టు లేదు. పిన్ని మోకాళ్ళు ఇక ఎక్కలేమంటున్నాయి.

ఈ ఇల్లు కింది అంతస్తులో ఉంది. వీధి వైపు గదికి విడిగా తలుపుంది. సాయంత్రాలు సొంతంగా పేషెంట్లను చూసుకోవడానికి ఆ గది కావాలి. అమ్ముతున్నది రిటైరైన లెక్కల మాస్టారు. కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. నెలాఖరుదాకా గడువిచ్చాడు. ఆ తర్వాత అడిగిన ధరకు కొంటానన్న ఇంకొకాయన ఉన్నాడు. ఆ రోజు మాస్టారు పనిమీద బయటికెళ్తూ తాళం జడ్జమ్మ చేతికిచ్చాడు.

అతను పని మొదలుపెట్టాడు. లేజరు యంత్రాన్ని గోడకానించి ఎదుటి గోడ మీద ఎర్ర చుక్క వేశాడు. గోడలు తట్టి చూశాడు. మూలల్లో మోకాళ్ళ మీద కూర్చుని వంగాడు.

"ఏం వాసన చూస్తున్నారు?"

"చెమ్మండీ. సున్నం దాచినా వాసన దాగదు."

"ఉందా?"

"బాత్రూం గోడకు కాస్త. మిగతాది పొడే."

జడ్జమ్మకు ఊపిరాడింది. అతను పైకప్పు ఎత్తు కొలవడానికి యంత్రాన్ని కుడి చేతినుంచి ఎడమ చేతికి మార్చుకోవడం చూసింది.

"ఆ భుజం ఎన్నాళ్ళ నుంచి?"

"ఏ భుజం?"

"కుడిది. చెయ్యి చెవి దాటి పైకి పోవట్లేదు."

"అది నా సొంత విషయమండీ."

"గుమ్మంలో నిలబడి నా సంబంధాలన్నీ అడిగినప్పుడు లేదు ఈ సొంతం!"

అతను వీధి గదిలోకి వెళ్ళాడు. అక్కడ ఎర్ర చుక్క వేశాడు, రాశాడు, కాగితాల్లోంచి ప్లాన్ తీసి చూశాడు, మళ్ళీ రాశాడు.

"ఇది వరండా అండీ," అన్నాడు.

"వరండా ఏంటి? నాలుగు గోడలున్నాయి. తలుపుంది. కిటికీ ఉంది."

"ప్లాన్‌లో వరండా అని ఉంది. తర్వాత ఎవరో గోడలు కట్టించారు. పర్మిషన్ లేదు. గోడలు కడితే గది అయిపోదు."

"మరేమవుతుంది?"

"గోడలున్న వరండా అవుతుంది."

జడ్జమ్మ అతన్ని తేరిపార చూసింది. అతను నవ్వట్లేదు. వేళాకోళం కాదన్నమాట.

"కూర్చోండి, మంచినీళ్ళు తాగండి. తాగాక ఇంకోసారి చూడండి," అంది.

"విలువ కట్టే ఇంట్లో నీళ్ళు కూడా తాగనండీ." సంచిలోంచి సొంత సీసా తీసి రెండు గుక్కలు తాగి, బూట్లేసుకుని వెళ్ళిపోయాడు.

పెద్ద బ్యాంకు ఆఫీసరు రెండు రోజులకు ఫోన్ చేశాడు. మాస్టారు చెప్పిన ధర కంటే వాల్యుయర్ కట్టిన విలువ తక్కువ ఉంది, లోన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది, తేడా సొంతంగా తెచ్చుకోవాలి. జడ్జమ్మ తను దాచుకున్నదంతా లెక్కేసి చూసుకుంది. ఆ తేడాకు చాలదు.

"మరి మీరు బోర్డు మీద రాసిన వడ్డీ?"

"అది మొదటి సంవత్సరానికి మేడమ్."

"రెండో సంవత్సరానికి?"

"అప్పటి పరిస్థితిని బట్టి..."

"నా జీతం పరిస్థితిని బట్టి ఇవ్వరండీ మా ఆస్పత్రిలో. ఫైలు వాపసు ఇచ్చేయండి."

ఫోన్ పెట్టేశాక పిన్నితో అంది: "అంతా ఆ కొలతలాయన వల్ల. గోడలున్న వరండా అట!"

"చూడ్డానికెలా ఉంటాడే?"

"పిన్నీ, నేను లోన్ గురించి మాట్లాడుతున్నాను."

"నేనూ దాని గురించే అడుగుతున్నాను," అంది పిన్ని.

రెండోది ఫైనాన్స్ కంపెనీ. గాజు తలుపులు, ఏసీ, అడగకుండానే కాఫీ. కుర్చీలో కూర్చోబెట్టిన కుర్రాడు టై కట్టుకున్నాడు.

"మీ హస్బెండ్ గారి జీతం ఎంత మేడమ్?"

"హస్బెండ్ లేరు."

"అయితే ఫాదర్‌ని కో-అప్లికెంట్‌గా..."

"ఆయనా లేరు."

"బ్రదర్స్ ఎవరైనా?"

"బాబూ, జీతం నాది, ఇల్లు నాది, అప్పు నాది. నా తరఫున సంతకం పెట్టడానికి మగవాణ్ణి అద్దెకు తెమ్మంటారా?"

అతను టై సర్దుకుని అప్లికేషన్ తీసుకున్నాడు. తర్వాతి వారం మళ్ళీ మాస్టారి ఇంట్లో బెల్లు మోగింది. జడ్జమ్మ తలుపు తీసింది. గుమ్మం అవతల అదే సంచి, అదే అట్ట, అదే మనిషి. ఈసారి వానలో తడిసి ఉన్నాడు.

"మీరా!"

"నేనేనండీ."

"ఆ కంపెనీకి కూడా మీరేనా?"

"అప్పులిచ్చేవాళ్ళందరికీ కలిపి ఈ పేటలో వాల్యుయర్లం ఇద్దరమే. రెండో ఆవిడ సెలవులో ఉంది." కాగితం తీశాడు. "మీకూ నాకూ ఏ సంబంధమూ..."

"ఉంది. శత్రుత్వం."

"దానికి గడి లేదండీ."

"ఇతరములు అని ఉండదా?"

ఈసారి అతను నవ్వాడు. నవ్వు ఆపుకోవడానికి కాగితం వైపు చూశాడు, ఆగలేదు. జడ్జమ్మ పక్కకు తప్పుకుని దారిచ్చింది.

అతను గదులన్నీ మొదట్నించీ కొలిచాడు. ఆమె వెనకాలే తిరిగింది.

"మొన్నటి అంకెలు మీ దగ్గరున్నాయి కదా?"

"అవి వాళ్ళ కోసం కొలిచినవి. ఇవి వీళ్ళ కోసం."

"ఈసారైనా కాస్త చెయ్యి చాచి వెయ్యండి."

"పది రోజుల్లో ఇల్లు పెరగలేదు కదండీ."

"నేను మీ కాళ్ళు పట్టుకుంటే?"

"మీరు కాళ్ళు పట్టుకుంటే ఫీజు తీసుకుంటారని విన్నాను. ఫిజియో కదా? అప్లికేషన్‌లో ఉంది."

ఆమె నవ్వింది. నవ్వినందుకు తన మీద తనకే విసుగొచ్చింది. అతను అటక కొలతకు చెయ్యి ఎత్తబోయి పళ్ళు బిగించడం చూసి, "ఇక చాలు," అంది. "రేపు ఆస్పత్రికి రండి. ఈ నిర్లక్ష్యం ఇంకో ఏడాది సాగితే చొక్కా కూడా ఎవరో వెయ్యాలి."

"అది సంబంధం కిందికి వస్తుందేమోనండీ."

"కౌంటర్లో ఫీజు కట్టి రండి. అప్పుడు రాదు."

ఫైనాన్స్ కంపెనీ ఒప్పుకుంది. అయితే విలువ మళ్ళీ అంతే వచ్చింది. అదీగాక ఒప్పందం కాగితాల్లో ఏముందో టై కుర్రాడు చెప్పలేదు. జడ్జమ్మ అక్కడే కూర్చుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. కాఫీ చల్లారింది. కుర్రాడు రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

"అందరూ సంతకం పెట్టేస్తారు మేడమ్. చదివేవాళ్ళు తక్కువ."

"ఆ అందరూ నా దగ్గరికే వస్తారు బాబూ. చూసుకోకుండా దూకి కాలు విరగ్గొట్టుకున్నవాళ్ళే." వేలు ఒక చోట ఆపింది. "ఇదేంటి? అప్పు ముందుగా తీర్చేస్తే జరిమానా?"

"అది స్టాండర్డ్ మేడమ్."

"ఇదీ? లోన్ కావాలంటే మీ ఇన్సూరెన్స్ కొనాలి, దాని డబ్బు కూడా లోన్‌లోనే కలిపేస్తారు. అంటే మీ పాలసీకి నేను ఇరవై ఏళ్ళు వడ్డీ కట్టాలి."

కుర్రాడు మేనేజర్ని పిలుస్తానన్నాడు. అక్కర్లేదని లేచి వచ్చేసింది.

రెండోసారి ఇల్లు కొలిచిన మర్నాడే అతను ఫీజు కట్టి ఆస్పత్రికి వచ్చాడు. ఆ తర్వాత వారానికి మూడు రోజులు. జడ్జమ్మ అతన్ని గోడకు ఎదురుగా నిలబెట్టి, వేళ్ళను గోడ మీద పాకిస్తూ చెయ్యి పైకి తీసుకెళ్ళమంది. నొప్పి పుట్టేచోట ఆపి, అంకె రాసుకుంది.

"మీరూ కొలుస్తారన్నమాట," అన్నాడు.

"నేను కొలిస్తే అంకె వారం వారం పెరుగుతుంది. మీరు కొలిస్తే ఎక్కడిదక్కడే."

"ఇంటి గురించి మాట్లాడకూడదండీ మనం."

"మాట్లాడట్లేదు. నాకు తెలిసిన ఒకావిడ ఉంది. ఆవిడ గురించి అడుగుతాను."

అతను తల తిప్పి చూశాడు. ఆమె ముఖంలో ఏమీ లేదు. "తల తిప్పకండి. భుజం కదులుతుంది," అంది.

"ఎవరావిడ?"

"ఒకావిడ. ఇల్లు కొనుక్కుంటోంది. మారే వడ్డీ తీసుకోవాలా, మారని వడ్డీయా అని అడుగుతోంది."

"నెల జీతంలో మిగిలేది తక్కువైతే మారనిదే మంచిదని చెప్పండి ఆవిడకి. కాస్త ఎక్కువైనా రాత్రి నిద్ర పడుతుంది."

"లోన్ ఇచ్చేవాళ్ళని ఏమడగాలి?"

"మూడో ఏడాది నెలకెంత కడతానో కాగితం మీద రాసివ్వమనాలి. నోటితో చెబితే వినొద్దు. ముందుగా తీరిస్తే ఏమవుతుంది, ఒక్కరోజు ఆలస్యమైతే ఏమవుతుంది, అది కూడా. జవాబు చెప్పడానికి వాళ్ళు నీళ్ళు నమిలితే లేచి వచ్చేయాలి."

"ఆవిడ రెండు చోట్ల లేచి వచ్చేసింది."

"గట్టి మనిషేనండీ ఆవిడ."

"అంటారు అందరూ."

"అందర్లో నేను లేను. నాకు ఆవిడంటే..." అని ఆగాడు. చెయ్యి గోడ మీద ఆగింది.

"ఆపొద్దు. పైకి," అంది జడ్జమ్మ. ఆమె గొంతు కాస్త తగ్గింది. కిటికీ బయట వాన పట్టుకుంది. పక్క మంచం మీద మోకాలికి వేడి కాపడం పెట్టించుకుంటున్న తాతగారు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, కళ్ళు మూసుకుని నిద్ర నటించాడు.

మూడోది సహకార సంఘం. పాత బిల్డింగు, ఫ్యాను, చెక్క బెంచీ. మేనేజరు నడివయసు ఆవిడ. జడ్జమ్మ ఆ ప్రశ్నలన్నీ వరసగా అడిగింది. ఆవిడ ప్రతిదానికీ అంకె వేసి, కాగితం తిప్పి చూపించింది.

"మరి మీరు నా భర్త గురించి అడగలేదు," అంది జడ్జమ్మ.

"అప్పు తీర్చేది మీరు కదమ్మా. ఆయన్ని అడిగి నేనేం చేస్తాను?"

జడ్జమ్మ అక్కడికక్కడే అప్లికేషన్ నింపింది. ఇంటికొచ్చి పిన్నితో, "దొరికింది. ఇదే," అంది. విలువ మళ్ళీ తక్కువే వస్తుందని ఆమెకిప్పుడు తెలుసు. ఆ ధర సంగతి మాస్టారితోనే తేల్చుకోవాలని కూడా నిశ్చయించుకుంది. ఒక్క వాల్యుయర్ రిపోర్టు వస్తే చాలు.

నెలాఖరుకు వారం ఉందనగా మేనేజరు ఫోన్ చేసింది.

"అమ్మా, వాల్యుయర్ మీ ఫైలు వెనక్కి పంపేశాడు. ఆ ఇల్లు చూడనంటున్నాడు."

"చూడనంటే?"

"సొంత కారణాలట. ఇన్నేళ్ళలో అతను ఏ ఇల్లూ తిప్పి పంపలేదు. ఇంట్లో ఏదో ఉంది, చెప్పలేకపోతున్నాడని నా అనుమానం. పునాది కుంగిందో, దావాలో ఉందో. అది తేలేదాకా ఫైలు కదపలేనమ్మా."

ఆ రోజు భుజం చూపించుకోవాల్సిన రోజు. అతను ఆస్పత్రికీ రాలేదు.

"భుజం సగంలో వదిలేశాడు. ఇల్లూ సగంలో వదిలేశాడు," అంది పిన్నితో.

"కోపమా, ఏడుపా?"

"కోపం."

"ఏడుపైతే కూర్చో, టీ పెడతాను. కోపమైతే చెప్పులేసుకుని వెళ్ళి అడుగు."

జడ్జమ్మ చెప్పులేసుకుంది. ఫోన్ చేసి ఎక్కడున్నారని అడిగింది. అతను చెప్పాడు. గొడుగు తీసుకుని బయల్దేరింది.

కడుతున్న బిల్డింగు అది. మెట్లకు ఇంకా రెయిలింగు పెట్టలేదు. రెండో అంతస్తులో తలుపుల్లేని కిటికీ ముందు అతను అట్ట పట్టుకుని నిలబడ్డాడు. ఆమె మెట్లెక్కి వచ్చేసరికి వాన పెద్దదైంది. జల్లు లోపలికి కొడుతోంది.

"ఏం కుంగింది మా ఇంట్లో?" అంది.

"ఏమీ కుంగలేదండీ."

"దావా ఉందా?"

"లేదు. ఇల్లు మంచిది."

"మరి ఎందుకు తిప్పి పంపారు? 'ఆవిడ' కథంతా మీకు చెప్పాను కదా, నెలాఖరు గడువని తెలుసు. మా పిన్ని మోకాళ్ళ సంగతి తెలుసు. ఆ గదిలో నేనేం చెయ్యాలనుకుంటున్నానో తెలుసు. అన్నీ తెలిసి..."

"అందుకేనండీ."

"ఏది అందుకు?"

అతను అట్టను కిటికీ గట్టు మీద పెట్టాడు. "రిపోర్టు మొదట్లో ఒక మాట రాసి సంతకం పెట్టాలి. మీకూ నాకూ ఏ సంబంధమూ లేదని. మొదటిసారి రాశాను. నిజమే. రెండోసారి రాశాను. అదీ నిజమే. మూడోసారి పెన్ను పట్టుకుని కూర్చున్నాను. రాయలేకపోయాను."

"నా వైపు నుంచి ఉందండీ," అన్నాడు. "మీ వైపు నుంచి లేకపోయినా, అబద్ధం అబద్ధమే. ఇలా సంతకం పెట్టి విలువ కడితే రేపు ఎవరైనా తవ్వితే పోయేది నా పని ఒక్కటే కాదు. మీ లోన్ కూడా పోతుంది."

జడ్జమ్మ గొడుగు ముడిచింది. మళ్ళీ విప్పింది. లోపల గొడుగెందుకని మళ్ళీ ముడిచింది.

"ఈ మాట మేనేజరుగారికి చెప్పారా?"

"సొంత కారణాలని చెప్పాను."

"సొంత కారణాలంటే ఆవిడ పునాది కుంగిందనుకుంటోంది!"

"అయ్యో! అలా అనుకుంటుందని..."

"ఫోన్ చెయ్యండి. ఇప్పుడే. స్పీకర్లో."

"ఇక్కడా?"

"నాకు చెప్పారు, బాగుంది. నేను లోన్ ఇవ్వలేను కదా. ఇచ్చేవాళ్ళకి చెప్పండి."

అతను ఫోన్ చేశాడు. మేనేజరు ఎత్తింది.

"అమ్మా, ఆ కింది అంతస్తు ఇంటి ఫైలు గురించి. ఇంట్లో లోపమేమీ లేదు. దరఖాస్తుదారుతో నాకు... అంటే దరఖాస్తుదారు పట్ల నాకు..."

"ఏం? గొడవ పడ్డారా?"

"కాదమ్మా. దరఖాస్తుదారు పట్ల నాకు వ్యక్తిగతమైన ఆసక్తి ఏర్పడింది."

అటువైపు నుంచి ఫ్యాను చప్పుడు వినపడింది.

"ఆసక్తి అంటే, ఆ ఆసక్తేనా?"

"ఆ ఆసక్తేనమ్మా."

"ఓరి నీ ఇల్లు బంగారం కానూ! నేనేమో పునాదులు తవ్వించాలనుకుంటున్నాను. ఆ అమ్మాయికి తెలుసా?"

"ఇక్కడే ఉంది."

"ఏమంటోంది?"

"ఇంకా ఏమీ అనలేదు."

"సరే. రెండో వాల్యుయర్ ఆవిడ సెలవు నుంచి వచ్చింది, రేపు పంపిస్తాను. అమ్మా, వింటున్నావా? ఒకవేళ మీ ఇద్దరిదీ ఖాయమైతే కో-అప్లికెంట్‌గా అతని పేరు కూడా పెట్టొచ్చు. లోన్ ఎక్కువొస్తుంది."

జడ్జమ్మ ఫోన్ దగ్గరికి వంగింది. "వద్దండీ. లోన్ నా ఒక్కదాని పేరు మీదే."

"మరి అతని సంగతి?"

"ఆయన ఫైలు వేరేగా చూస్తాను."

ఫోన్ పెట్టేశాక అతను అడిగాడు: "ఎప్పుడు చూస్తారు?"

"క్యూలో ఉన్నారు. ముందు ఇల్లు." గొడుగు విప్పి మెట్ల వైపు నడిచింది. "రిజిస్ట్రేషన్ అయ్యేదాకా మా వీధిలోకి రావద్దు. ఆస్పత్రిలో కూడా మీ భుజం వేరేవాళ్ళు చూస్తారు. మీ దయవల్ల లోన్ వచ్చిందని ఎవరూ అనకూడదు."

"అలాగేనండీ."

నాలుగు మెట్లు దిగాక ఆమె వెనక్కి తిరిగింది. "వ్యాయామం మానకండి," అంది. తర్వాత నవ్వు గొడుగు కింద దాచుకుంది. పైనుంచి చూసేవాడికి గొడుగు కదలడం కనపడింది.

రెండో వాల్యుయర్ ఆవిడ మర్నాడు వచ్చింది. గుమ్మంలో అదే ప్రశ్న అడిగింది. వీధి గదిలో ప్లాన్ తీసి చూసి, "ఇది వరండా కదమ్మా," అంది. ఆవిడ కట్టిన విలువకూ అతను కట్టిన విలువకూ పెద్ద తేడా లేదు.

జడ్జమ్మ ఆ సాయంత్రం మాస్టారి ఎదురుగా కూర్చుంది.

"మాస్టారూ, మీ వీధి గది గది కాదట."

"ఎవరన్నారు?"

"విడివిడిగా ఇద్దరు. మూడుసార్లు కొలిచి."

మాస్టారు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ప్లాన్ అడిగాడు. వేలు పెట్టి కొలతలు చూశాడు. "గోడలకు మేస్త్రీకి నేనిచ్చిన డబ్బు ఎవరిస్తారమ్మా?"

"ఆ గోడల మధ్య ఎన్నేళ్ళు ట్యూషన్లు చెప్పారు మాస్టారూ? అవి ఎప్పుడో వసూలైపోయి ఉంటాయి."

"ఆ ఇంకొకాయన నేను చెప్పిన ధరకే కొంటానంటున్నాడు."

"ఆయన డబ్బు సొంతమా, లోనా?"

"లోనే పెడతానన్నాడు."

"అయితే ఆయన ఎక్కడ అప్లై చేసినా ఈ ఇద్దర్లో ఒకరే వస్తారు. ఇదే అంకె చెబుతారు. ఆయన మళ్ళీ మీ దగ్గరికొచ్చి నాలాగే కూర్చుంటాడు. అప్పటికి మీరు అమ్మాయి దగ్గరికి వెళ్ళడం ఇంకో రెండు నెలలు ఆలస్యమవుతుంది."

మాస్టారు ప్లాన్ మడిచి ఆమె చేతికిచ్చాడు. "నా క్లాసులో ఉండుంటే నీకు నూటికి నూరు వేసేవాణ్ణి."

"మార్కులొద్దు మాస్టారూ. ధర తగ్గించండి."

మాస్టారు నవ్వాడు. విలువ ఎంతో అంతకు ఒప్పుకున్నాడు. నెలాఖరుకు ఒక రోజు ముందు సహకార సంఘం మంజూరు కాగితం ఇచ్చింది. లోనూ, దాచుకున్నదీ కలిపితే సరిపోయింది.

రిజిస్ట్రేషన్ అయ్యేదాకా అతను ఆ వీధిలోకి రాలేదు. ఫోన్ కూడా చేయలేదు. రావద్దన్నది తనే అయినా, జడ్జమ్మ రోజుకు పదిసార్లు ఫోన్ తీసి చూసుకుంది. పిన్ని అది చూసీ చూడనట్టు ఊరుకుంది. ఒక రోజు మాత్రం, "అంత బుద్ధిగా మాట వినేవాడు దొరకడం కష్టమే," అంది.

సంతకాలు పెట్టి తాళం చేతికొచ్చిన రోజు, ఆఫీసు మెట్ల మీద నిలబడే జడ్జమ్మ అతనికి ఫోన్ చేసింది. "సాయంత్రం రండి. పిన్ని మిమ్మల్ని చూడాలంటోంది."

పిన్ని కుర్చీ హాలు మధ్యలో వేయించుకుంది. ఇంట్లో అప్పటికి ఉన్నది ఆ ఒక్క కుర్చీయే. అతను నిలబడ్డాడు.

"ఏమయ్యా, అప్పులున్నాయా?"

"స్కూటర్ లోన్ ఉండేదండీ. తీరిపోయింది."

"ఇంతకుముందు ఎవరిమీదైనా ఆసక్తి ఏర్పడిందా?"

జడ్జమ్మ తల గోడ వైపు తిప్పుకుంది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"కాలేజీలో ఒకసారండీ. ఆ అమ్మాయికి తెలియదు."

"ఇంట్లో ఎవరెవరు?"

"అమ్మ. అంతేనండీ."

"మరి ఈ ఇల్లు దీనిది. కాగితం మీద దీని పేరొక్కటే ఉంటుంది. నువ్వొచ్చి ఇక్కడుంటే ఇల్లరికం అంటారు నలుగురూ. ఏమంటావు?"

"అననివ్వండి. నేను ఇల్లు చూసి రాలేదు కదండీ. చూసినప్పుడు తక్కువే రాశాను."

పిన్ని పగలబడి నవ్వింది. నవ్వి, జడ్జమ్మ వైపు తిరిగింది. "తీర్పు నీదేనే. చెప్పు."

జడ్జమ్మ అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "ఒక్క నెల ఆగండి. మొదటి వాయిదా నా జీతంలోంచి నేను కట్టుకోవాలి. కట్టినట్టు నేను చూసుకోవాలి. ఆ మర్నాడు మీ అమ్మగారిని తీసుకురండి."

"అంటే మీ వైపు నుంచి..."

"ఉంది. రోజుకు పదిసార్లు ఫోన్ తీసి చూసుకున్నాను. ఇంకా అడుగుతారేంటి?"

పిన్ని కుర్చీలోంచి లేచి, వంటింట్లో చూసుకోవాల్సింది ఏమీ లేకపోయినా వంటింట్లోకి వెళ్ళింది.

మొదటి వాయిదా కట్టిన మర్నాడు అతను తల్లిని తీసుకొచ్చాడు. అప్పటికి ఇంట్లోకి సోఫా వచ్చింది. వీధి వైపు బోర్డు వచ్చింది, పేషెంట్లూ వస్తున్నారు. ఆవిడ గడప దాటి లోపలికొచ్చి, హాలు చూసింది, కిటికీలు చూసింది, జడ్జమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకుంది. పిల్ల నచ్చిందని ముందుగా ముఖం మీదే చెప్పేసింది. తర్వాత మళ్ళీ ఒకసారి ఇల్లంతా కలయజూసింది.

"చక్కగా ఉందమ్మా. ఎంతకు కొన్నావేంటి?"

అతను నేల చూపులు చూశాడు. పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మీ అబ్బాయి చెప్పిన ధరకేనండీ," అంది జడ్జమ్మ.